ఏడున్నర రెట్లు

నాలుగో ప్రశ్న ఉన్న పేజీ తిప్పేసరికి గోడ గడియారం పదకొండు చూపించింది. ఇంకా గంట ఉంది, ఒక్క ప్రశ్నే మిగిలింది, ఈ పేపరు గట్టెక్కినట్టే అనుకుంది ఆమె. నీళ్ళ సీసా అందుకోబోయి, చెయ్యి సగంలో ఉండగానే ఆగిపోయింది. ప్రశ్న పక్కన ఒక గది బొమ్మ వేసి ఉంది. మోచెయ్యి మడిచినట్టు వంపు తిరిగిన పొడవాటి హాలు, గోడల వారగా పద్దెనిమిది చిన్న చతురస్రాలు, ఒక్కో చతురస్రం ఒక డయాలసిస్ మిషను, వంపు దగ్గర నర్సుల బల్ల. తొమ్మిదో చతురస్రం మీద ఇంటూ గుర్తు, కింద సన్నక్షరాల్లో ‘ఆ కాలంలో మరమ్మతులో ఉంది’ అని. ఊరి పేరు లేదు, ఆసుపత్రి పేరు లేదు, ‘ఒక డయాలసిస్ విభాగంలో’ అని మొదలైంది ప్రశ్న, ఏ పాఠ్యపుస్తకంలోంచో ఎత్తి రాసినట్టు. కానీ ఆ తొమ్మిదో మిషను కింద నీళ్ళు కారి మడుగు కడితే గుడ్డ పడేసి కాలితో తుడిచింది తను కాదూ? మరమ్మతువాడు ఇవాళ వస్తాడు రేపు వస్తాడు అని నెలల తరబడి ఎదురుచూసింది తను కాదూ? ఆరేళ్ళు పొద్దున్నే వెళ్ళి తలుపు తీసిన గది అది. కళ్ళకి గంతలు కట్టి వదిలినా ఏ మిషను దగ్గర నేల పలక లేచిపోయి కాలికి తగులుతుందో చెప్పగలదు. ఆ గది ఇప్పుడు అరచెయ్యంత బొమ్మై ఇరవై మార్కుల ప్రశ్న పక్కన కూర్చుంది.

మళ్ళీ మొదటినుంచి చదివింది. విభాగంలో డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళలో అరవై మందికి హెపటైటిస్ సి లేదని పరీక్షల్లో తేలింది. ఆరు నెలల తరవాత చూస్తే వాళ్ళలో పద్దెనిమిది మందికి వచ్చి ఉంది. కింది పట్టికల ఆధారంగా లెక్కలు కట్టండి, కారణాన్ని చర్చించండి. ఎంత చల్లగా అడిగారు! పద్దెనిమిది అన్న అంకె చూడగానే ఆమెకి మొహాలు గుర్తు రాలేదు, ముందు వాసన వచ్చింది, గొట్టాలు శుభ్రం చేసే మందు వాసన, పులిసిపోయినట్టు ముక్కుపుటాలు మండించేది, ఎంత ఉతికినా బట్టల్ని వదిలేది కాదు, ఇంటికెళ్ళి ఎత్తుకుంటే కూతురు మెడలో మొహం దాచుకుని ‘అమ్మా, నువ్వు పుల్లగా ఉన్నావే’ అనేది. ఇప్పుడా పిల్లకి పన్నెండేళ్ళు. పోయిన వారం పుస్తకం చేతిలో పట్టుకుని టీచరమ్మలా కాలు మీద కాలేసుకుని తల్లి చేత పాఠం అప్పజెప్పించుకుంది. ఇన్సిడెన్స్ అంటే ఏంటి, ప్రివలెన్స్ అంటే ఏంటి. బకెట్లోకి కొత్తగా పడే నీళ్ళు ఇన్సిడెన్స్, బకెట్లో ఉన్న నీళ్ళన్నీ కలిపి ప్రివలెన్స్ అని చెప్పింది ఆమె. ‘మరి బకెట్‌కి కింద చిల్లుంటే? కారిపోయే నీళ్ళు?’ అంది పిల్ల. ‘నయమైపోయినవాళ్ళు’ అంది ఆమె. ఇంకో రకం వాళ్ళు కూడా ఆ చిల్లులోంచే పోతారని చెప్పలేదు. పక్క గదిలోంచి ఆయన, లిఫ్టులు బాగుచేసి వచ్చి గ్రీజు చేతులు రుద్దుకుంటూ, ‘అయితే మనింట్లో చదువు ప్రివలెన్స్ రెండన్నమాట, నేను హారంలో ఉన్నాను’ అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఆయనకి తెలియదు, పిల్లకి తెలియదు, ఆమె ఈ చదువులో ఎందుకు చేరిందో.

హారం అన్న మాట ఇంట్లోకి తెచ్చింది ఆమే. కోర్సు మొదటి రోజు ప్రొఫెసరు గారు సుద్దముక్క పట్టుకుని, ‘ఇరవై మంది జబ్బు పడ్డారు అంటే మీకేం అర్థమైంది? ఏమీ కాలేదు. ఎంతమందిలో ఇరవై? హారం ఏది? హారం లేకుండా ఎవరూ నా ముందుకి రాకండి’ అని గద్దించేసరికి ముందు వరసలో పళ్ళ డాక్టరమ్మాయి చటుక్కున మెడ తడుముకుంది. క్లాసు గొల్లున నవ్వింది. ఆ పూటనుంచి ఆయన హారం మాస్టారు. క్లాసులో పద్నాలుగు మంది, ఎక్కువమంది మనుషుల డాక్టర్లు, ఒక పళ్ళ డాక్టరు, ఒక పశువుల డాక్టరు. నర్సు తనొక్కతే, నలభై దాటింది తనొక్కతే, అందుకే అందరికీ సిస్టరక్క. ఎప్పుడో స్కూల్లో వదిలేసిన భిన్నాలు మళ్ళీ చేతికి తెచ్చుకోవడానికి ఆమె మూడు నెలలు పిల్ల లెక్కల పుస్తకం తిరగేసింది. సున్నా మార్కుల నుంచి క్లాసులో మూడో స్థానానికి వచ్చింది. పశువుల డాక్టరు ‘అక్కా, నీకేంటి ఈ పట్టుదల, నిన్నెవరు తరుముతున్నారు?’ అని అడిగాడొకసారి. ఎవరూ తరమడం లేదు, తనే ఒకరి వెంట పడింది. ఆ పద్దెనిమిది మందికి జబ్బు ఎవరి వల్ల వచ్చిందో తేల్చే శాస్త్రం ఒకటుందని తెలిసి, అది నేర్చుకుంటే తన వల్ల కాదని తనకి తనే రుజువు చేసుకోవచ్చని వచ్చింది. పైకి మాత్రం, ‘ఊరికే కూర్చుంటే ఏం తోస్తుందిరా’ అంది.

అప్పట్లో దర్యాప్తుకి ముగ్గురు వచ్చారు. మొహాలకి మాస్కులు, చేతుల్లో అట్టలు. ఒక్కొక్కరినీ పిలిచి పది నిమిషాలు అడిగారు, రిజిస్టర్లన్నీ పెట్టెల్లో సర్దుకుని పట్టుకుపోయారు. మూడు వారాలు హాలు మూసి, గోడలకి రంగులు కొట్టి, మళ్ళీ తెరిచారు. నివేదిక వచ్చిందట. ఎవరికీ చూపించలేదు. పెద్ద సిస్టర్ మిగతా అయిదుగురు నర్సుల్నీ బల్ల దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, ‘ఏ ఒక్కరి తప్పూ కాదట. వ్యవస్థ లోపమట. ఎవరైనా అడిగితే మాకేం తెలీదని చెప్పండి’ అంది. ‘మనకి నిజంగా తెలీదు కదా సిస్టర్’ అంది ఆమె. ‘అందుకే కదే, చెప్పడం తేలిక’ అంది పెద్ద సిస్టర్. వ్యవస్థ లోపం. ఎంత మంచి మాట, పెద్ద దుప్పటి లాంటి మాట, ఆరుగురూ దాని కింద దూరి పడుకోవచ్చు. మిగతా అయిదుగురికి నిద్ర పట్టింది కూడా. ఆమెకే దుప్పటి చాల్లేదు, కాళ్ళు బయటికొచ్చేవి.

ఇప్పుడు ఆ నివేదికలోని అంకెలు ఎదురుగా ఉన్నాయి. నర్సుల పేర్లు తీసేసి అక్షరాలు పెట్టారు, ఏ నుంచి ఎఫ్ దాకా, ఉద్యోగంలో చేరిన వరసలో. ఏ అంటే పెద్ద సిస్టర్. బి, సి. తను నాలుగోది. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది, పసిపిల్లలాగా, ఒకసారి కాదు మూడుసార్లు, మూడోసారి తప్పు వస్తుందేమోనని. సిస్టర్ డి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు ఏ రోగికి ఎవరు ఇచ్చారన్నది పట్టిక. డి చేతి మందు తీసుకున్నవారు ఇరవై నాలుగు మంది, అందులో జబ్బు వచ్చినవారు పదిహేను మంది. డి చేతి మందు తీసుకోనివారు ముప్ఫై ఆరుగురు, అందులో జబ్బు వచ్చినవారు ముగ్గురు. రిస్క్ నిష్పత్తి కట్టండి. దీనికి క్యాలిక్యులేటరు కూడా అక్కర్లేదు. పదిహేను బై ఇరవై నాలుగు, నూటికి అరవై రెండున్నర. మూడు బై ముప్ఫై ఆరు, నూటికి ఎనిమిది పైచిలుకు. దాన్ని దీనితో భాగిస్తే ఏడున్నర. ఆమె ఆ అంకె రాసి కింద రెండు గీతలు గీసింది, మార్కులు వేసేవాళ్ళకి కనబడాలని, అలవాటుగా. అమ్మ దేనికైనా ఏలినాటి శని అనేది, పాలు విరిగినా ఏలినాటి శనే. శని పట్టినా ఏడున్నరేళ్ళే, పోతాడు. ఇది ఏడున్నర రెట్లు, ఇది ఎప్పటికి పోతుంది?

ఆగు, ఆగు, అనుకుంది. ఈ చదువు నేర్పిన మొదటి పాఠమే అది, అంకె కనబడగానే నమ్మకు అని. మొదటి తలుపు తట్టింది. ఊరికే కాకతాళీయంగా ఇలా పడిందేమో? లెక్క కట్టింది, కాగితం అంచునే. కై స్క్వేర్ ఇరవై దాటింది. లక్షకి ఒక్కసారి కూడా కాకతాళీయంగా ఇలా పడదు. పేకముక్కలు లక్షసార్లు పంచినా ఆమె చేతికి ఈ ముక్కలు రావు, ఎవరో కావాలని ఇస్తే తప్ప. సరే, రెండో తలుపు. షిఫ్టు. అవును, షిఫ్టు! ఆమెది ఎక్కువగా పొద్దున షిఫ్టు. పొద్దున షిఫ్టులో ముందునుంచే ఈ జబ్బున్నవాళ్ళు ముగ్గురు ఉండేవారు, మధ్యాహ్నం ఒక్కరే. అసలు గండం పొద్దున షిఫ్టులో ఉండి, ఆమె ఆ షిఫ్టులో ఉన్న పాపానికి అంకె ఆమెకి అంటుకుందేమో. మాస్టారు చెప్పలేదూ, జేబులో అగ్గిపెట్టె పెట్టుకు తిరిగేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సరు ఎక్కువ వస్తుంది, తప్పు అగ్గిపెట్టెది కాదు, సిగరెట్టుది అని. తను అగ్గిపెట్టె. ఎంత ముద్దొచ్చింది ఆ మాట. నేను అగ్గిపెట్టెని, నేను వట్టి అగ్గిపెట్టెని. రెండో పట్టిక షిఫ్టుల వారీగా విడదీసి ఇచ్చారు, పేపరు పెట్టినాయనకీ ఈ తలుపు తెలుసు. ఆమె పెన్ను పరుగెత్తింది. పొద్దున, డి చేతి మందు తీసుకున్న పదహారు మందిలో పదకొండు, తీసుకోని పన్నెండు మందిలో ఒకటి. ఎనిమిదింబావు రెట్లు. మధ్యాహ్నం, ఎనిమిది మందిలో నాలుగు, ఇరవై నాలుగులో రెండు. ఆరు రెట్లు. రెండిటినీ కలిపి సర్దితే ఏడు పాయింట్ రెండు. పెన్ను ఆగింది. ఏడున్నర నుంచి ఏడు పాయింట్ రెండుకి. షిఫ్టు ఆమె బరువులోంచి ఎత్తుకున్నది అంతే, ఒక్క రెట్టులో పదిలో మూడు వంతులు. మోయలేక మోయలేక మూట దింపి విప్పితే దూది ముక్క ఒకటి జారి పడింది.

మూడో తలుపు ఒకటుంది, రికార్డులు తప్పేమో. దాన్ని ఆమె తట్టలేదు. ఆ రికార్డులు ఆమెకి తెలుసు. మందు ఎవరిచ్చారో రాయాల్సిన గడిలో సంతకం పెట్టే తీరిక ఎవరికీ ఉండేది కాదు, సి అయితే నెలాఖరుకి ఒకేసారి కూర్చుని గీకేసేది. ప్రతిసారీ, ప్రతి గడిలో, గుండ్రటి అక్షరాలతో, గంటా నిమిషాలతో సహా పేరు రాసింది తనొక్కతే. తన నిజాయితీయే సాక్ష్యమై వచ్చి నిలబడితే దాన్ని అబద్ధమని ఎలా అంటుంది?

ఆ అక్షరాల్ని మెచ్చుకున్నది టైపు అత్తయ్య. ఏడో మిషను, సోమ బుధ శుక్రవారాలు, పొద్దున షిఫ్టు. కోర్టులో ముప్ఫై ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి, ఒక చేతికి సూదులు గుచ్చి పడుకోబెడితే రెండో చేతి వేళ్ళు దుప్పటి మీద టైపు కొడుతూనే ఉండేవి. ‘ఏం కొడుతున్నారు అత్తయ్యా?’ అంటే, ‘నీ మీద ఫిర్యాదు, సూది నొప్పెట్టిందని’ అనేది. ‘నీ రాత ముత్యాల్లా ఉందే పిల్లా, ఈ చీటీల మీద ఎందుకు పారబోస్తావు, చదువుకో’ అనేది. చెల్లెలు కిడ్నీ ఇస్తానంది, పరీక్షలన్నీ కలిశాయి, ఆపరేషనుకి తేదీ పడింది. ఆపరేషనయ్యాక మొదట ఏం చేస్తావత్తయ్యా అంటే, ‘చెంబుడు మంచినీళ్ళు గటగటా తాగుతానే, లెక్క చూసుకోకుండా’ అంది. ఆ నెల పరీక్షల్లో అత్తయ్యకి జబ్బు తేలింది. పెద్ద డాక్టర్లు తేదీ వాయిదా వేశారు, ముందు కాలేయం సంగతి చూడాలి, మందులు వాడాలి, మళ్ళీ పరీక్షలు. టైపు అత్తయ్య వేళ్ళు ఆగిపోయాయి. ఒక బుధవారం పిలిచి, ‘నాకెందుకొచ్చిందే ఇది? నేనెక్కడికీ పోలేదు, ఎవర్నీ ముట్టుకోలేదు, ఇక్కడికి తప్ప రాలేదు. వీళ్ళనడిగితే గోడలకి రంగులేస్తున్నారు. నువ్వు కనుక్కుని చెప్పు’ అంది. ‘కనుక్కుంటాను అత్తయ్యా’ అంది ఆమె, ఆ చెయ్యి పట్టుకుని. పదకొండు నెలలు వాయిదాలు నడిచాయి. ఒక ఆదివారం, డయాలసిస్ లేని రోజు, ఇంట్లో పడుకున్న మనిషి గుండె ఆగిపోయింది. కనుక్కుని చెప్తానని మాట ఇచ్చింది. ఇదిగో కనుక్కుంది, ఉత్తరప్రత్యుత్తరాల్లేకుండా ఒక పేజీలో, రెండు గీతల పైన. చెప్పించుకునే మనిషే లేదు.

ఎలా జరిగిందో ప్రశ్నలో అడగలేదు, ఎలా జరిగి ఉండొచ్చో చర్చించమన్నారు. ఆమెకి చర్చ అక్కర్లేదు. మందు సీసాలు ఎప్పుడూ కరువే, ఒక్కో సీసా అయిదారుగురికి సర్దాలి. మిగతా నర్సులు బల్ల దగ్గరే నిలబడి సిరంజిలన్నీ ఒకేసారి నింపేసుకుని, తిరిగి ఒక్కొక్కరికీ మొత్తం మందు ఒకేసారి ఎక్కించేసి, కుర్చీలో కూలబడి ఫోను చూసుకునేవారు. డాక్టరు చీటీలో సగం ముందు, మిగతాది గంట గంటకీ కొంచెం కొంచెం అని ఉండేది. అలా ఇస్తే గాయం దగ్గర రక్తం తక్కువ కారుతుంది, రోగికి సుఖం. చీటీలో ఉన్నట్టు చేసింది తనొక్కతే. సీసాని తోపుడుబల్ల మీద పెట్టుకుని పడక పడకకీ తోసుకుంటూ వెళ్ళేది, కబుర్లు చెబుతూ, దిండు సర్దుతూ, గంట కాగానే అదే రోగి సిరంజితో మళ్ళీ సీసాలోంచి కాస్త తీసి ఇచ్చేది. ఎవరి సిరంజి వాళ్ళదే, ఒకరిది ఒకరికి ఏనాడూ వాడలేదు, ఒట్టు. సూది కూడా మార్చేది. చేరిన మొదటి వారం పెద్ద సిస్టర్‌ని అడిగింది, ‘సిరంజి కూడా కొత్తది తియ్యాలా సిస్టర్?’ అని. ‘సిరంజిలేమైనా చెట్లకి కాస్తున్నాయా? సూది మార్చావుగా, చాల్లే’ అంది పెద్ద సిస్టర్. సూది మారుస్తుంది, కానీ గొట్టంలోంచి కంటికి కనబడనంత రక్తం అప్పటికే సిరంజిలోకి వెనక్కి వచ్చి ఉంటుంది. అది సీసాలోకి పోతుంది. సీసా తరవాతి మంచం దగ్గరికి పోతుంది, కబుర్లతో సహా. ఈ సంగతి రెండో సెమిస్టరులో, ఒక మామూలు మంగళవారం, మాస్టారు తెర మీద బొమ్మలేసి చూపిస్తుంటే తెలిసింది. అందరూ నోట్సు రాసుకున్నారు. ఆమె కూడా రాసుకుంది. అప్పటికీ ఒక ఆశ మిగిలింది, అలా జరగొచ్చు గానీ జరిగిందని ఎక్కడుంది అని. ఇప్పుడు అదీ పోయింది. ఒళ్ళొంచనివాళ్ళ చేతుల్లో రోగులు భద్రంగా ఉన్నారు. దిండు సర్దినదాని చేతిలో పదిహేను మంది.

పదిహేను కాదు, అనుకుంది హఠాత్తుగా, వెన్ను నిటారుగా చేసి. డి అనే మనిషి పుట్టకపోయినా ఆ హాల్లో నూటికి ఎనిమిది మందికి జబ్బు వచ్చేది, ఆ ముగ్గురికి రాలేదూ? ఆ లెక్కన ఇరవై నాలుగు మందిలో ఇద్దరికి ఎలాగూ వచ్చేది. పదిహేనులోంచి రెండు తీసేస్తే పదమూడు. ఆమె ఖాతాలో పదమూడే. రెండు ఆమెవి కావు. ఆ ఇద్దరు ఎవరు? చివరి పేజీలో రోగుల వరస ఉంది, పేర్లు లేవు, వయసు, ఆడా మగా, షిఫ్టు, మిషను నంబరు. ఏడో మిషను, ఆడ, యాభై తొమ్మిది, పొద్దున, డి చేతి మందు: అవును, జబ్బు: అవును. అంతే, ఒక్క వరసలో సరిపోయింది టైపు అత్తయ్య. ఆమె ఆ వరస మీద వేలు పెట్టి కూర్చుంది. ఈ ఇద్దరిలో ఒకరు ఈమె కావచ్చు కదా. కావచ్చు. పదిహేను మందిలో ఎవరైనా కావచ్చు. చెయ్యి పైకెత్తింది.

మాస్టారు బల్లల మధ్యనుంచి వచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, గొంతు తగ్గించి, ‘ఏమ్మా, ప్రశ్నలో ఏమైనా తప్పుందా?’ అన్నారు.

‘తప్పు లేదు సార్. ఈ పదిహేను మందిలో పదమూడు డి వల్ల వచ్చినవి అని తేలుతోంది. ఏ పదమూడో తెలుసుకునే దారి ఉందా సార్?’

‘ప్రశ్నలో అది అడగలేదు కదమ్మా.’

‘అడగలేదు సార్.’

ఆయన ఒక క్షణం ఆమె కాగితం వంక చూశారు. ‘లేదమ్మా. గుంపు గురించే చెప్పగలం. ఒక మనిషిని చూపించి ఈ మనిషికి దీనివల్లే అని మన లెక్క చెప్పదు. ఇది నిజంగా జరిగింది, ఆ బృందంలో నేనూ ఉన్నాను. అప్పుడు మేమూ ఇక్కడే ఆగాం.’

‘డి ఎవరో మీకు తెలుసా సార్?’

‘రిజిస్టర్లు ఎక్కించినవాళ్ళు పేర్లు తీసేసి, లెక్క కట్టే మాకు అక్షరాలే ఇచ్చారు. అడగలేదు కూడా.’ పక్క బల్ల వైపు నడవబోయి వెనక్కి తిరిగి, ‘బాగా రాస్తున్నావు. టైం చూసుకో, ఇరవై నిమిషాలే ఉంది’ అన్నారు.

ఆయన చెప్పులు దూరమయ్యాయి. అంటే మాస్కు వేసుకున్న ఆ ముగ్గురిలో ఈయన ఒకరు, పది నిమిషాలు ఎదురుగా కూర్చుని అడిగిన గొంతు ఇదేనేమో, రెండేళ్ళుగా క్లాసులో వింటూ పోల్చుకోలేకపోయింది, ఆయనా పోల్చుకోలేదు, ఇద్దరికీ అక్షరాలే మిగిలాయి. చెప్పేసి ఉండాల్సింది. చెప్తే ఏం చేస్తారు? పేపరు మార్చి ఇస్తారా, ప్రశ్న కొట్టేస్తారా, పాపం అంటారా? వ్యవస్థ లోపం అంటారు. నిజమే, వ్యవస్థ లోపమే, సీసాలు ఎక్కువిస్తే ఇది జరగదు, సిరంజి గురించి అడిగినప్పుడు వెక్కిరించకపోతే జరగదు. కానీ వ్యవస్థ సంతకం ఎక్కడా లేదు. గుండ్రటి అక్షరాలతో, గంటా నిమిషాలతో సహా ఉన్న సంతకం ఒక్కరిదే. పదమూడుని జబ్బుపడ్డ పదిహేను మంది మీద సమంగా పంచితే ఒక్కొక్కరికి ముప్పావు కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. ముప్పావు టైపు అత్తయ్య. అలా పంచుకోవడానికి మనిషి రొట్టెముక్క కాదు, వస్తే మొత్తం వస్తుంది, లేకపోతే అసలు రాదు. ఏది వచ్చిందో తెలియకుండా బతకడం ఒకటి మిగిలింది. ఇదివరకు తను చేసిందో లేదో తెలియకుండా బతికింది. ఇక చేసిందని తెలుసు, ఎవరికి చేసిందో తెలియకుండా బతకాలి. చదువు ఇచ్చింది ఇదీ. చదవకపోతేనే బాగుండేది అనుకుందామంటే అదీ చేతకాలేదు, తెలిసిపోయాక తెలియని రోజులు ఎటు పోతాయో పోతాయి, వెతికినా దొరకవు.

చివరి భాగం, పరిమితులు, సిఫారసులు. ఆమె రాసింది. రోగుల సంఖ్య తక్కువ, మందు ఇచ్చిన రికార్డులు అన్ని చోట్లా పూర్తిగా లేవు, వైరస్ రకాల్ని పోల్చి చూస్తే బలపడేది. సిఫారసు: ఒక్కో రోగికి ఒక్కో మందు సీసా, ప్రతిసారీ కొత్త సిరంజి. ఇంకా ఒక వాక్యం రాసింది: సిస్టర్ డి నిర్లక్ష్యం వల్ల కాదు, ఆమెకి అలా నేర్పినందువల్ల, ఆమె రోగుల్ని. అక్కడ ఆపింది. రోగుల్ని ఏం చేసేది? ప్రేమించేది అని రాస్తే ఏ పట్టికలో చూపిస్తుంది? సమాచారంలో లేనిది రాయకూడదు. నర్సుల గుండెలో ఏముందో కొలిచినవాడు ఆ బృందంలో లేడు, కొలిచినా సీసాలో రక్తం రక్తమే. స్కేలు పెట్టి ఆ వాక్యం మీద తిన్నగా ఒక గీత గీసి కొట్టేసింది. గంట మోగింది.

వరండాలో నలుగురు చేరారు, ఎప్పట్లాగే. పశువుల డాక్టరు అరటిపండు వలుస్తూ, ‘నాలుగోది ఏడున్నర వచ్చిందా?’ అన్నాడు.

‘ఏడున్నరే. సర్దితే ఏడు పాయింట్ రెండు’ అంది పళ్ళ డాక్టరమ్మాయి. ‘నీకెంతక్కా?’

‘అంతే’ అంది ఆమె.

‘పాపం ఆ డి ఎవరో గానీ’ అన్నాడు కుర్ర డాక్టరు, వాళ్ళందరిలోకీ చిన్నవాడు. ‘ఉద్యోగం ఊడి ఉంటుంది.’

‘ఊడాలి కదా మరి’ అన్నాడు పశువుల డాక్టరు, పండు కొరికి. ‘పదమూడు మందిరా బాబూ.’

‘ఊడలేదు’ అంది ఆమె. ‘ఎవరూ ఏమీ అనలేదు. ఇంకో ఏడాది అక్కడే చేసి, తనే మానేసింది.’

‘ప్రశ్నలో అదెక్కడుంది? నేను చూళ్ళేదే’ అంటూ పళ్ళ డాక్టరమ్మాయి కంగారుగా పేపరు తిరగేసింది. చివరి పేజీ దాకా వెళ్ళి, తలెత్తి, ‘నీకెలా తెలుసక్కా?’ అంది.

‘నేనే’ అంది ఆమె.

పండు నములుతున్న నోరు ఆగింది. ఎవరో నవ్వబోయి మానుకున్నారు. ముగ్గురూ ముందుగా చూసింది ఆమె మొహం వంక కాదు, చేతుల వంక.